నీ ముఖం, నా గొంతు

సూర్యాపేట,
6 నవంబర్ 2024.

చాందీకి,

నీకు ఉత్తమ సహాయ నటి అవార్డు వచ్చిందని నిన్న స్టాఫ్ రూమ్‌లో తెలిసింది. పేపర్లో ఫోటో చూసి మా లెక్కల సార్ "మీ తమ్ముని భార్యే గద మేడం" అన్నారు. అవునన్నాను. స్వీట్లు తెప్పించమన్నారు, తెప్పించాను. అందరూ తిన్నారు. నేను మాత్రం షుగర్ ఉందని చెప్పి ముట్టలేదు. నాకు షుగర్ లేదని నీకు తెలుసు.

నీ ఫోన్ స్విచాఫ్ వస్తోంది. తమ్ముడు మోతీలాల్ కోదాడ వెళ్లినప్పుడు ఎవరి ఫోన్‌తోనో నాతో మాట్లాడాడు. సున్నపురాయి గనుల మీద పెట్టిన ప్రజాభిప్రాయ సభలో తోపులాట జరిగిందనీ, వీడియోలు తీసిన వాళ్ల ఫోన్లన్నీ పోలీసులు తీసుకున్నారనీ, వాటిలో నీదీ ఉందనీ చెప్పాడు. అందుకే ఈ ఉత్తరం. మిర్యాలగూడ బస్సులో పంపిస్తే పాలబండి లచ్చయ్య అక్కడ అందుకుని తండాకు తెస్తానన్నాడు. ఓపెన్ స్కూల్ పదో తరగతికి నీకు లేఖ రాయడం నేర్పింది నేనే కాబట్టి జవాబు రాయగలవు.

అవార్డుల సభ డిసెంబర్ ఎనిమిదిన హైదరాబాదులోనట. ఇచ్చేది ఏదో సినిమా సంస్థ. కానీ ముఖ్య అతిథి మంత్రి. మన తండా గట్టును సున్నపురాయి కంపెనీకి ఇచ్చేయాలని ఊరూరా సభలు పెట్టి చెబుతున్నది ఆయనే. డెబ్బై ఏళ్ల మా అమ్మ ఆ గట్టు కోసం నిరాహార దీక్షకు టెంటు కింద కూర్చుంటే, ఆమె కోడలు వెళ్లి ఆయన చేత శాలువా కప్పించుకుంటుందా? నువ్వు వెళ్లకు. ఆడబిడ్డ పెత్తనం అనుకోకు. న్యాయం కాబట్టి చెబుతున్నాను.

నేను కూడా వచ్చి టెంటులో కూర్చోవాలి నిజానికి. కానీ ప్రభుత్వ ఉద్యోగం. పేరు బయటపడితే మెమో చేతికొస్తుంది. అమ్మకు అర్థమయ్యేలా చెప్పు.

అమ్మ మోకాళ్లకు నూనె సీసా పంపుతున్నాను. గోరువెచ్చగా చేసి రుద్దు.

ఉంటాను,
సునీత.

*

జిల్లేడుగట్టు తండా,
పాలకీడు మండలం,
11 నవంబర్.

సునీత వదినకు రాంరాం.

ఉత్తరం అందింది. నూనె అందింది. అత్తకు రెండు పూటలా రుద్దుతున్నాను. నువ్వు నేర్పినట్టు పుస్తకం భాషలోనే రాస్తున్నాను. తప్పులుంటే ఎర్రపెన్నుతో దిద్దుకో.

అవార్డు సంగతి నాకు లచ్చయ్య చెప్పాడు. అది దీక్ష పదకొండో రోజు. నా వంతు. రోజుకు ఐదుగురం కూర్చుంటున్నాం, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా. లచ్చయ్య పేపరు విప్పి నా ఫోటో చూపిస్తే ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. అవార్డు వచ్చినామెకు ఒక చాక్లెట్ కూడా తినే యోగం లేదని నవ్వారు. అత్త మాత్రం పేపరును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

సినిమాలో కొడుకు జాడ చెప్పమని ఆఫీసు ముందు కూర్చునే సీను ఉంది కదా. అప్పుడు కూడా ఇలాంటి టెంటే వేశారు. డైరెక్టర్ కట్ అనగానే లేచి ఛాయ్ తాగేదాన్ని. ఇప్పుడు కట్ చెప్పేవాళ్లు లేరు. కానీ ఆ రోజు నేర్చుకున్న కూర్చోవడం ఇప్పుడు పనికొస్తోంది. వీపు నిటారుగా, చేతులు ఒడిలో, ఎదురుగా వచ్చినవాడి కళ్లలోకి చూడాలి. ఇది మిగతా వాళ్లకు కూడా నేర్పాను. జీపు వచ్చి ఆగినా ఎవరూ తల దించడం లేదు. సినిమా వల్ల ఏం లాభమని ఎవరైనా అడిగితే నేను ఇదొక్కటే చెప్పగలను.

నువ్వు వెళ్లొద్దన్నావు. మోతీలాల్ వెళ్లమనీ అనడు, వద్దనీ అనడు. నాకు మాత్రం వెళ్లాలని ఉంది. రాయడానికే సిగ్గుగా ఉంది. ఒక్కసారి ఆ మెట్లెక్కి పైనుంచి జనాన్ని చూడాలని ఉంది. నువ్వయితే ఎన్నో స్టేజీలు ఎక్కావు. నాకు వచ్చింది ఇదొక్కటే.

టీవీ వాళ్లు వచ్చి నాతో మాట్లాడించుకుని పోయారు. ఎప్పుడు వేస్తారో తెలియదు. కనిపిస్తే చూడు.

మిరప చేను ఈసారి బాగుంది. కాయ పట్టింది. కోసేదాకా చేను మాదే అని ఎవరైనా రాసిస్తే బాగుండు.

నీ మరదలు
చాందీ.

*

సూర్యాపేట,
17 నవంబర్.

చాందీకి,

నేను స్టేజీలు ఎక్కానని గుర్తుచేశావు. సంతోషం. అవును, ఎక్కాను. పద్దెనిమిదేళ్లు నాటక పరిషత్తుల్లో ఆడాను. కోదాడలో, మిర్యాలగూడలో, నల్లగొండలో. బడి అయ్యాక రిహార్సల్, శనివారం బస్సు, సోమవారం పొద్దున మళ్లీ బడి. వచ్చినవి ప్లాస్టిక్ షీల్డులు. అలమార మీద ఉన్నాయి. ఒక్కదాని మీదా అక్షరాలు మిగల్లేదు. ఏ పేపరూ నా ఫోటో వేయలేదు.

నీ టీవీ ముచ్చట చూశాను. "మాటలు ఎట్లొచ్చినయి నీకు" అని ఆ అమ్మాయి అడిగితే "లోపలికెల్లి వచ్చినయి" అన్నావు. ఎవరి లోపలి నుంచి చాందీ? మూడు రోజులు డబ్బింగ్ గదిలో నీ పెదాలు ఒక దిక్కు, నీ మాట ఒక దిక్కు పోతుంటే, డైరెక్టర్ తల పట్టుకుని కూర్చుంటే, నీకు తోడుగా వచ్చిన నేను కదా మైకు ముందు నిలబడ్డది! ఆ ఏడుపు నాది. ఆ దగ్గు నాది. కొడుకును పిలిచే ఆ పిలుపు నాది. చివర్లో పేర్లు పడినప్పుడు "సహకారం" కింద నీళ్ల ట్యాంకర్ అతని పేరు తర్వాత నా పేరు పడింది. అదీ తప్పుగా.

ఇంతవరకూ నీకు చెప్పని సంగతి ఒకటి రాస్తున్నాను. ఆగస్టులో కోదాడలో సినిమా మూడు రోజులు ఆడినప్పుడు ఒక్కదాన్నే వెళ్లి చూశాను. ఆఫీసు ముందు కూర్చునే సీనులో కళ్లు మూసుకుని నా గొంతు విన్నాను. పక్క సీటులో ఒకామె కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఇంటర్వెల్‌లో ఆమెను పలకరించాను, ఏదో ఆశతో. "ఆమె మొఖం జూస్తె ఏడుపు ఆగలే అక్కా" అంది. మొఖం. నేను సగంలో లేచి బస్టాండుకు వచ్చేశాను.

ఆ పాత్ర మొదట నాదేనని నీకు తెలుసు. డైరెక్టర్‌ను తండాకు తెచ్చింది నేను. నాలుగు రోజులు నాతో చదివించి చూశాడు. ఐదో రోజు చేలో మిరప కోస్తున్న నిన్ను చూసి, నా వైపు తిరిగి "మీరు టీచర్‌లా ఉన్నారండీ" అన్నాడు. నీకు కట్టిన అద్దాల లంగా, రవిక మా అమ్మవి. నువ్వు పెళ్లయిన నాటి నుంచి చీరలే కట్టావు. అవి నీ ఒంటి మీదికి ఎక్కించింది కూడా నేనే.

ఇవన్నీ మింగుకున్నాను. కానీ నిన్న ట్రైనింగ్‌కు మిర్యాలగూడ వెళితే బస్టాండు ముందు ఫ్లెక్సీ కనబడింది. నువ్వు నవ్వుతున్నావు. పక్కన కంపెనీ తరఫున మాట్లాడే అక్కడి నాయకుడొకడు దండం పెడుతున్నాడు. "మన మట్టి బిడ్డకు అభినందనలు" అట. మా అమ్మ పస్తులుంటే ఆ మనిషి పక్కన నీ ఫోటోనా! ఎప్పుడు కలిశావు అతన్ని? మోతీలాల్‌కు తెలుసా?

వెళ్లాలని ఉంటే వెళ్లు. నన్ను అడగకు.

సునీత.

*

జిల్లేడుగట్టు తండా,
22 నవంబర్.

సునీత వదినకు రాంరాం.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏడుపొచ్చింది. రెండోసారి కోపం వచ్చింది. మూడోసారి ఒక్కొక్క మాటకూ జవాబు ఉందనిపించి కూర్చున్నాను.

ఫ్లెక్సీ సంగతి నువ్వు రాస్తేనే నాకు తెలిసింది. ఆ మనిషిని నేను ఏనాడూ చూడలేదు. పేపర్లో ఫోటో తీసి అతికించుకున్నట్టుంది. మోతీలాల్ మిర్యాలగూడ వెళ్లి దాన్ని చింపాడు. అందుకు ఆ మనిషి తరఫు వాళ్లు ఫిర్యాదు ఇస్తే, పొద్దంతా ఠాణాలో కూర్చోబెట్టి సాయంత్రం పంపారు. ఒంటి మీద దెబ్బలు లేవు. కానీ మాట్లాడడం తగ్గించాడు.

టీవీ అమ్మాయికి నేను మొదట చెప్పింది నీ పేరే. మా వదిన గొంతు అని చెప్పాను. సూర్యాపేటలో టీచర్ అని చెప్పాను. "అది పెడితే జనాలకు ఫీలింగ్ పోతదక్కా" అని తీసేసింది. ఇంకా ఏమేం కోసిందో నాకు తెలియదు. గట్టు గురించి చెప్పింది కూడా పెట్టలేదట కదా.

స్టేజీల మాట ఎత్తిపొడుపు కాదు వదినా. నువ్వు తండా నుంచి వెళ్లి కాలేజీ చదివినదానివి. నేను చేలో ఉంటే నువ్వు సైకిల్ మీద పోయేదానివి, వెనక పుస్తకాలు కట్టుకుని. నిన్ను చూసి నా కడుపు ఎంత మండేదో నీకు తెలియదు. ఇప్పటికీ పండక్కి నువ్వొస్తే నీ చెప్పులు, నీ చేతి గడియారం, నువ్వు మాట్లాడితే మగవాళ్లు ఆగి వినడం, ఇవన్నీ చూసి నాకు నిద్ర పట్టదు. నువ్వు నాకు అక్షరాలు నేర్పావు. నేర్పించుకున్న దానికి కూడా మండింది. నీకొక్కదానికే మంట ఉందనుకోకు.

డబ్బింగ్ గదిలో నా మాట రాకపోవడానికి కారణం అడగలేదు నువ్వు. తెర మీద నా ముఖం నాకే కొత్తగా ఉండి మాట మరిచిపోయేదాన్ని. నువ్వు మైకు ముందుకు వెళ్లగానే నాకు బరువు దిగింది. తర్వాత సినిమాలో విన్నప్పుడు, ఇది నేను కాదు కదా అని గుచ్చుకుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఉత్తరాల గొడవ టెంటులో అందరికీ తెలిసిపోయింది. నేను వెళ్లనని చెప్పాను. నువ్వు చెప్పిందే న్యాయం అన్నాను. అత్త ఒప్పుకోలేదు. "మనం ఈడ నెల దినాల సంది మొత్తుకుంటున్నం. పక్కూరోడు గూడ వింటలేడు. గాడ మైకుంటది, మంత్రి గూడ ఉంటడు. ఎవరన్న పోయి చెప్పుండ్రి" అంది. నన్ను చూసి, "నువ్వు గాడ మాట మరుస్తవ్. సునీత మరువదు. నా బిడ్డను పొమ్మను" అంది.

లచ్చయ్య ఫోన్ నుంచి డైరెక్టర్‌తో మాట్లాడాను. నేను దీక్షలో ఉన్నానని, నా తరఫున గొంతు ఇచ్చిన వదిన వస్తుందని చెప్పాను. ఆయన సరేనన్నాడు. ఒక్క నిమిషం మాట్లాడనిస్తారట.

కాగితం ఇందులో పెట్టాను. నాలుగే మాటలు. అందరం కలిసి రాశాం. మా గట్టు కింద నలభై ఇళ్లు ఉన్నాయి. మా చేలకు కాగితాలు ఉన్నాయి. మమ్మల్ని అడగకుండా గని తవ్వొద్దు. దీక్ష దగ్గరికి వచ్చి మాట్లాడండి. అంతే.

మెమో వస్తుందని భయమైతే చెప్పు. ఏమీ అనుకోము.

చాందీ.

*

సూర్యాపేట,
27 నవంబర్.

చాందీకి,

వెళ్తాను.

నేనే వద్దని చెప్పి నేనే ఎలా వెళ్తానని రెండు రోజులు ఆలోచించాను. రెండు రోజులు అని రాశాను గానీ, కాగితం విప్పినప్పుడే వెళ్తానని నాకు తెలుసు. నిన్న చీర కొన్నాను. ఆకుపచ్చ. బడిలో ఎవరికీ చెప్పలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. నిన్ను వెళ్లొద్దన్నది న్యాయమే. కానీ ఆ సభలో ఏ మంత్రీ లేకపోయినా ఇంకో న్యాయం వెతికేదాన్ని. మోతీలాల్ సంగతికి నన్ను క్షమించు. ముందు నిన్ను అడగకుండా ఫ్లెక్సీ నింద రాసింది నేను.

కాగితం కంఠతా వచ్చింది. అమ్మకు చెప్పు, మరువను.

సునీత.

*

సూర్యాపేట,
10 డిసెంబర్.

చాందీకి,

సభలో ఏం జరిగిందో మీరంతా లచ్చయ్య ఫోన్లో చూసే ఉంటారు. అయినా నేను చెప్పాలి. ఫోన్లో కనబడనివి కొన్ని ఉన్నాయి.

మొదటి వరసలో కూర్చోబెట్టారు. ఏసీ చలికి చేతులు బిగుసుకుపోయాయి. కాగితం పిడికిలిలో ఉంది. నీ పేరు పిలిచారు. తెర మీద నీ ముఖం, వెనక నా గొంతు. నేను మెట్లెక్కాను. మీరు చెప్పింది చెప్పి దిగుదామని ఎక్కాను, ఇది మాత్రం నమ్ము.

మంత్రి శాలువా కప్పుతూ "అద్భుతంగ చేసినవమ్మా. మా ఇంట్ల అందరు ఏడ్చిన్రు" అన్నాడు. నన్ను నువ్వనుకున్నాడు. యాంకర్ చెప్పింది వినలేదో, మేకప్పుకు ముఖం మారుతుందనుకున్నాడో. "నేను కాదు సార్, మా మరదలు. గట్టు మీద దీక్షలో ఉంది" అంటే సరిపోయేది. అక్కడికక్కడే సగం పని అయ్యేది. నేను చేతులు జోడించి "థాంక్యూ సార్" అన్నాను. చాందీ, ఆ రెండు మాటలు అంటున్నప్పుడు నాకు ఎంత హాయిగా ఉందో రాయకుండా దాటలేను. పద్దెనిమిదేళ్లుగా ఎవరైనా అంటారని చూసిన మాట అది.

తర్వాత మైకు ఇచ్చారు. ఎదురుగా వేలమంది. వాళ్లకు నేను ఎవరో తెలియదు. ఆ గొంతు నాదని ఒక్కసారి, ఒక్క మాట వినిపించి కాగితం చదువుదామనుకున్నాను. సినిమాలో మాట అందుకున్నాను. "నా కొడుకు ఏడున్నడో చెప్తె చెప్పున్రి, లేకుంటె లేదు. ఈడికెల్లి మాత్రం నన్ను లెవ్వమనకున్రి." హాలంతా గొంతు గుర్తుపట్టింది. చప్పట్లు. జనం లేచారు. ఎంతసేపు కొట్టారో తెలియదు. అవి ఆగేసరికి యాంకర్ నవ్వుతూ మైకు తీసుకుంది. నా నిమిషం అయిపోయింది. నేను మైకు వదిలేశాను. పట్టుకుని ఉంటే పట్టుకోగలిగేదాన్ని. అది కూడా నిజం.

మెమోకు భయపడ్డానని రాద్దామనుకున్నాను. తమ్ముడు నమ్మేవాడు, అమ్మ కూడా నమ్మేది. కానీ ఆ క్షణంలో ఉద్యోగం నాకు గుర్తే లేదు. మీరెవరూ గుర్తు లేరు. గొంతు నాదని తెలియాలి, అంతే. అది తెలిసింది. తెల్లారి పేపర్లో నీ పేరే వేశారు, నా ఫోటో కింద.

శాలువా, మెమెంటో ఇంట్లో ఉన్నాయి. కాగితం చెమటకు తడిసి అక్షరాలు అంటుకుపోయాయి.

జవాబు రాయకపోయినా నాకు అర్థమవుతుంది.

సునీత.

*

జిల్లేడుగట్టు తండా,
15 డిసెంబర్.

వదినకు,

చూశాం. ఫోనును నీళ్ల బిందె మీద నిలబెట్టి, టెంటు కింద అరవై మందిమి చూశాం. నువ్వు మాట మొదలుపెట్టగానే అత్త "మన మాటనేనా" అని అడిగింది. లెవ్వమనకున్రి అన్నావు కదా, మన దీక్ష గురించే అనుకుంది. అది సినిమాలో మాట అని నేను చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు కాగితం చదువుతావని అందరూ నీ నోరే చూశారు. తర్వాత వేరే వాళ్లకు అవార్డు ఇస్తున్నారు. లచ్చయ్య ఫోను జేబులో పెట్టుకున్నాడు. అత్త "గొంతు నా బిడ్డదే" అని లేచి ఇంటికి పోయింది. ఆ రోజు అన్నం తినలేదు.

నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. ఒక్క ముక్క వదల్లేదు. 

పన్నెండో తేదీన ఆఫీసర్లు ఇక్కడ మళ్లీ ప్రజాభిప్రాయ సభ పెట్టారు. ఈసారి పోలీసులు ఎక్కువ. ఊరి తరఫున ఎవరు మాట్లాడతారని అడిగారు. మగవాళ్ల మీద కేసులున్నాయి, లేస్తే పట్టుకుపోతారు. నేను లేచాను. మైకు ఇచ్చారు. నా గొంతు నీకు తెలుసు, బొంగురు. మొదటి మాటకే కీచుమంది. నాలుగు మాటల్లో మూడోది మరిచిపోయి నాలుగోది చెప్పి, మళ్లీ వెనక్కి వచ్చి మూడోది చెప్పాను. తెలుగులో మొదలుపెట్టి మన లంబాడీల గోర్ మాటలోకి పోయాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక ఆఫీసరమ్మ "మళ్లొకసారి చెప్పమ్మా, రాసుకుంట" అంది. మళ్లీ చెప్పాను. రాసుకుంది. చదివి వినిపించమంటే వినిపించింది. కింద నేను సంతకం పెట్టాను, నువ్వు నేర్పిన సంతకం.

గని ఆగుతుందో లేదో తెలియదు. సభ మాత్రం వాయిదా వేసుకుని పోయారు. ఫోన్లు ఇంకా ఇవ్వలేదు.

నీ మీద కోపం పోలేదు వదినా. నువ్వు థాంక్యూ అన్నందుకు అంత లేదు, ఆ చోట నేనైనా అనేదాన్నేమో. కాగితం చదవనందుకు ఉంది. చాలా ఉంది. అది ఎప్పుడు పోతుందో చెప్పలేను. కానీ నువ్వు రావడానికి అది పోవాల్సిన పని లేదు.

గురువారం దీక్షకు ఐదుగురిలో ఒకరు తక్కువయ్యారు. అత్త నీ పేరు రాయించింది. పొద్దున ఆరింటికి కూర్చోవాలి.

చాందీ.

*

సూర్యాపేట,
17 డిసెంబర్.

చాందీకి,

గురువారానికి సెలవు చీటీ ఇచ్చాను. కారణం దగ్గర దీక్ష అనే రాశాను. హెడ్మాస్టర్ రెండుసార్లు చదివి, మార్చుకుంటారా అని అడిగారు. వద్దన్నాను. రేపు సాయంత్రం బస్సుకు బయల్దేరి వస్తున్నాను.

ఒక్కటి చెప్పకుండా వచ్చి నీ పక్కన కూర్చోలేను. ఆఫీసరమ్మ మళ్లీ చెప్పమందని, నువ్వు చెప్పింది రాసుకుందని చదివినప్పుడు నాకు మొదట సంతోషం కలగలేదు. కుళ్లు వచ్చింది. నిజంగా విన్నారు కదా నిన్ను, అని. సంతోషం తర్వాత వచ్చింది, సాయంత్రం, బట్టలు సర్దుకుంటుంటే. అది కూడా కొంచెమే.

ఆ కొంచెం పట్టుకుని వస్తున్నాను. అమ్మ పక్కన కాకుండా నీ పక్కన చోటు ఉంచు.

నీ వదిన
సునీత.